చిన్న రికాబీలు

మేం ఏం తింటామో మాకంటే ముందు మీకే తెలుసు. పొద్దున పాయా, మధ్యాహ్నం బిర్యానీ, రాత్రి కబాబులు. నడుమ ఆకలైతే హలీం. రంజాన్ నెల మొదలైతే చాలు, ఆఫీసులో, బస్టాపులో, గల్లీ మలుపులో ఒకటే పలకరింపు: "భాయ్, దావత్ ఎప్పుడు?" బక్రీదు దగ్గర పడితే "మా వాటా మరిచిపోకు." ఆ పలకరింపులో ప్రేమ లేదని అనం. ఉంది. కాకపోతే ఆ ప్రేమ నాలుక మీద పుట్టి నాలుక మీదే ఆరిపోతుంది. మేం ఎక్కడ ఉంటున్నాం, ఇల్లు ఎట్లా దొరికింది, పిల్లల్ని ఏ బడిలో వేశాం, పేరు చెప్పగానే అవతలి గొంతు ఎందుకు మారింది, ఇవేవీ ఆ పలకరింపులో ఉండవు.

మా సంగతి చెప్తాం, వినండి. మాకు నలభై దాటింది. నల్లగొండ జిల్లా పల్లెలో పుట్టాం. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు. అరబ్బీ అక్షరాలు మసీదులో, అ ఆలు సర్కారు బడిలో దిద్దాం. బి.ఎ.లో చరిత్ర చదివి పత్రికల్లో పడ్డాం. తెలుగు వార్తలు ఉర్దూలోకి, ఉర్దూ వార్తలు తెలుగులోకి మోసే కూలీలం. మా చిన్నప్పుడు బిర్యానీ అంటే పెళ్లిలో దొరికేది. మిగతా రోజుల్లో జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం, పప్పు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసిన పులుసును అమ్మీ 'ఖట్టా' అనేది. గోడ అవతలి అక్క దాన్నే 'పచ్చిపులుసు' అనేది. గిన్నెలు గోడ మీది నుంచి అటూ ఇటూ నడిచేవి. రెండు పేర్లకూ పులుపు ఒకటే. ఆ చింతపండుకు అరబ్బులు పెట్టిన పేరు 'తమర్ హిందీ', అంటే హిందూస్తాన్ ఖర్జూరం. ఇంగ్లీషు వాళ్ల 'టామరిండ్' అందులోంచే పుట్టింది. ఒక్క పులుసు ముంతలో ఎన్ని దేశాల మాటలున్నాయో చూడండి.

ఇప్పుడీ తిండి గోల ఎందుకంటారా? మొన్న కార్తీకమాసంలో ఆఫీసు మిత్రుడొకరికి పెద్ద ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో మా ఎనిమిది మందినీ జూబిలీహిల్స్‌లో ఒక ఖరీదైన హోటలుకు పిలిచారు. మేం మియాబీబీ ఇద్దరం వెళ్లాం. 'ఏషియన్ ఫ్యూజన్' అట. లోపల మసక వెలుతురు, కాగితం లాంతర్లు, మూలన ధ్యానంలో ఉన్న బుద్ధుడు. అన్నం పళ్లాలు కనబడవు. అన్నీ చిన్న రికాబీలు. ఒక్కోదాంట్లో మూడో నాలుగో ముక్కలు. ఒకటి తర్వాత ఒకటి వస్తుంటాయి. అందరూ తలా ఒకటి రుచి చూడాలి. ఒక్క రికాబీ ఖరీదు ఆరు వందల పైమాట. ఆ డబ్బుతో మా ఊళ్లో ఒక ఇంటిల్లిపాదీ రెండు రోజులు కడుపునిండా తింటారు.

ఆర్డరు చెప్పే వేళ ఒక మిత్రుడు "కార్తీకం కదా, నాకు వెజ్ చెప్పండి. గిన్నెలు కూడా వేరే ఉండేట్టు చూడమనండి" అన్నారు. అందరూ తలలూపారు. ఒకామె "నాకు శనివారం" అన్నారు. దానికీ తలలూపారు. మా వంతు వచ్చింది. చికెన్ హలాలేనా, పంది మాంసం ఏ రికాబీలో ఉంది, సారా పడ్డ సాస్ ఏది అని అడిగాం. బల్ల మీద ఒక్క క్షణం మాట పడిపోయింది. తర్వాత నవ్వుతూ ఒకరు "ఇంత చదువుకుని ఇంకా ఇవేంటి భాయ్?" అన్నారు. ఆ మనిషి చెడ్డవారు కాదు. మా కష్టంలో నిలబడ్డవారే. అందుకే ఈ మాట చెప్పాల్సి వస్తోంది. మీరు మానేస్తే నియమం, మేం మానేస్తే ఛాందసం. మీది ఇంటి ఆచారం, మాది మతమౌఢ్యం. ఈ తూకం రాళ్లు ఎవరు చెక్కారు?

మాలోనూ అడగని వాళ్లున్నారు. ఏదైనా తినేవాళ్లున్నారు, తాగేవాళ్లున్నారు. వాళ్లను చూపించి "చూడండి, ఆయన మాతో ఎంత కలిసిపోయాడో" అంటారు. కలిసిపోవడం అంటే మా గొంతు దగ్గరున్న గడప తీసెయ్యడమేనా? అడగడమో, మానడమో, అది మా ముద్ద. దాంతో సెక్యులరిజాన్ని కొలవకండి.

ఆ బల్ల దగ్గర మా ప్రశ్నను ప్రశ్నగా విన్నది ఒక్క వెయిటర్ కుర్రాడే. ఇరవై రెండేళ్లుంటాయేమో. హిందీలో మెల్లగా చెప్పాడు. చికెన్ హలాలే. ఈ మూడు రికాబీలు మీకు వద్దు, వీటిలో పంది మాంసం ఉంది. ఈ సాస్‌లో మిరిన్ పడుతుంది, అది బియ్యంతో చేసే సారా, అది లేకుండా చేయిస్తా. కారం ఎక్కువా తక్కువా అని చెప్పినంత మామూలుగా చెప్పాడు. మా బీబీ అడిగింది, "ఏ ఊరు బేటా మీది?" "మణిపూర్, ఆంటీ." "అక్కడ మా వాళ్లున్నారా?" "ఉన్నారు. పంగల్ అంటారు. మా భాషే వాళ్లది."

మా భాషే వాళ్లది. ఎంత తేలిగ్గా అన్నాడు! తెలుగు పత్రికల్లో ఇరవై ఏళ్లుగా రాస్తున్నాం. మా గురించి ఆ మాట అన్న తెలుగువారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నారండీ!" అంటారు. మెచ్చుకోలే. కానీ ఆ మెచ్చుకోలు పరాయివాడికి ఇచ్చేది. పుట్టిన ఊళ్లో పుట్టిన భాష మాట్లాడితే శభాష్ అనిపించుకునే జాతి మేం. ఇటు హైదరాబాదు పాతబస్తీ బంధువుల దగ్గరికి పోతే మా ఉర్దూలో 'ఖాఫ్' పలకలేదని, మాటల నిండా తెలుగు యాస ఉందని మూతి తిప్పుతారు. వీళ్లకు మేం తురకలం, వాళ్లకు మేం దేహాతీలం.

సరే, రికాబీలు వచ్చాయి. చరిత్ర చదివిన పాపానికి ఒక్కోదాన్నీ తినకముందే దాని వంశం వెతికే జబ్బు మాకుంది.

మొదట డంప్లింగులు. పల్చటి పిండి పొరలో కైమా, ఆవిరి మీద ఉడికించినవి. చూడగానే చుట్టాలు గుర్తొచ్చారు. తుర్కీలో 'మంతి', అఫ్ఘనిస్తాన్‌లో 'మంతూ', కొరియాలో 'మందూ', చైనాలో 'మాంతౌ'. ఏది ఎటు నడిచిందో పండితులు తేల్చుకోనీ. పట్టుబట్టల దారుల్లో ఒంటెల మీద బట్టలే కాదు, పిండి పొరలూ నడిచాయి. మన సమోసాదీ అదే కథ. మధ్య ఆసియా నుంచి సంబూసాగా వచ్చింది. 14వ శతాబ్దంలో ఢిల్లీ తుగ్లక్ దర్బారులో తిండి గురించి రాస్తూ ఇబ్న్ బతూతా దాన్ని వర్ణించాడు. లోపల కొట్టిన మాంసం, బాదం, పిస్తా. అందులోకి ఆలుగడ్డ చేరింది చాలా తర్వాత. ఆలుగడ్డ, మిరపకాయ రెండూ అమెరికా ఖండాల పంటలు, యూరప్ ఓడలెక్కి వచ్చాయి. మిరపకాయ లేని ఆంధ్రుల భోజనం ఊహించగలరా? అది ఇక్కడికొచ్చి అయిదు వందల ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఆ మిరపకాయను ఎవరూ "నీ దేశం పో" అనలేదు.

తర్వాత టెంపురా. శుద్ధ జపాన్ వంటకమని మెనూలో రాశారు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్లు నేర్పిన నూనె వేపుడు అది.

తర్వాత చిన్న గిన్నెలో మస్సమన్ కూర. థాయిలాండ్‌ది. కొబ్బరిపాలు, పల్లీలు, ఆలుగడ్డ, వాటితో దాల్చిన చెక్క, ఏలకులు. వాసన మా ఇంటి పెళ్లి వాసన. ఆ పేరు 'ముసల్మాన్' అన్న మాటలోంచి వచ్చిందనే ఎక్కువమంది చెప్తారు. మన మచిలీపట్నం గుర్తుందా? 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవు అది. అక్కణ్నుంచి బంగాళాఖాతం దాటి అచేకు, అరకానుకు, తెనాసరిం తీరానికి ఓడలు పోయేవి. తెనాసరిం నుంచి నేలదారిన థాయిల రాజధాని ఆయుత్థయకు సరుకు నడిచేది. మన అద్దకం బట్టలు అటు పోయేవి. ఇరాన్ వర్తకులు గోల్కొండ కొలువులోనూ ఉన్నారు, ఆయుత్థయ కొలువులోనూ ఉన్నారు. ఆ గిన్నెలో కూరను కృష్ణా జిల్లా నేల ఎప్పుడైనా ముట్టిందో లేదో చెప్పలేం. కానీ ఆ దారి మాత్రం మన ఊరి మీదుగానే పోయింది. పక్కనున్న మిత్రుడితో ఈ సంగతి చెప్తే "మచిలీపట్నం నుంచి థాయిలాండుకా!" అని కళ్లు పెద్దవి చేశారు. ఆయనది మచిలీపట్నమే.

నాలుగోది వచ్చేసరికి బల్లంతా చప్పట్లు. గోంగూర చికెన్ బావ్. ఆవిరి మీద ఉడికిన తెల్లటి చైనా రొట్టె, మడత మధ్య మన గోంగూర. "వాహ్, ఏం ఐడియా!" అన్నారు. "గోంగూరను ఎక్కడికి తీసుకెళ్లాడు!" అన్నారు. మా బీబీ మా వైపు చూసి పెదవి బిగించి నవ్వింది. దక్కనీ ఉర్దూలో గోంగూర పేరు 'అంబాడా'. అంబాడా గోష్ట్ మా ఇళ్లల్లో ఏ తరం నుంచి వండుతున్నారో ఎవరికీ తెలియదు. తుర్కుల మాంసం, తెలుగోళ్ల ఆకు, అమెరికా మిరపకాయ, పైన కరివేపాకు తాలింపు. బగారా బైంగన్‌లో నువ్వులు, పల్లీలు, చింతపండు. దాల్చాలో శనగపప్పు, సొరకాయ, మాంసం. దాన్ని ఎవరూ ఫ్యూజన్ అనలేదు. చప్పట్లు కొట్టలేదు. సాయిబుల కూర అన్నారు.

ఇక్కడే మాకు ముద్ద దిగలేదు. రికాబీలో రెండు నేలలు కలిస్తే కళ. మనిషిలో రెండు నేలలు కలిస్తే అనుమానం. కలగలుపు కూరకు ఆరు వందలు పెడతారు. కలగలుపు మనిషిని మాత్రం ఎటో ఒకటి తేల్చుకోమంటారు. ఇటు వైపు వాళ్లు "ముందు భారతీయుడివా, ముందు ముస్లిమువా?" అని అడుగుతారు. గోంగూర చికెన్‌ను ముందు గోంగూరా, ముందు చికెనా అని ఎవరైనా అడిగారా? అటు మా లోపల కొత్తగా బయలుదేరిన శుద్ధివాదులు "పీర్ల పండుగ ఇస్లాం కాదు, దర్గా ఇస్లాం కాదు, తెలుగు పాట ఇస్లాం కాదు" అంటారు. మా ఊళ్లో పీర్లను ఎత్తుకునేది మాదిగలూ గొల్లలూ సాయిబులూ కలిసి. అలావా చుట్టూ తెలుగు పాటలే పాడేవాళ్లు. ఇద్దరు శుద్ధివాదులూ కలిసి మా ఊరి అలావాలో నీళ్లు పోస్తున్నారు.

ఇంకో మాట. ఆ బల్ల మీద అందరూ ఒకే రికాబీలోంచి తీసుకుని తింటుంటే చూడ ముచ్చటేసింది. పంచుకుని తినడం కొత్త నాగరికత అని మెనూలో రాశారు. దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుని ఒకే పళ్లెంలో నాలుగు చేతులు పెట్టి తినే ఇంట్లో పుట్టాం మేం. ఈ బల్ల మీది మిత్రుల్లో కొందరి తాతల ఇళ్లల్లో మా తాతలకు వేరే గ్లాసు ఉండేది. మాల మాదిగలకు ఆ గ్లాసు కూడా లేదు, దోసిట్లో పోసేవాళ్లు. అదే మనుమలు ఇవాళ మాతో ఒకే రికాబీలో చేయి పెట్టారు. ఇది చిన్న సంగతి కాదు, కాదనం. అట్లాగే మా దస్తర్‌ఖాన్ గొప్పలు కూడా పూర్తిగా నమ్మకండి. మా దావతుల్లో దూదేకులవాళ్ల పక్కన ఎవరు కూర్చుంటారు, వాళ్ల పిల్లను ఎవరు చేసుకుంటారు, పాకీపని చేసిన ముస్లిముల ఇంట్లో ఏ సయ్యద్‌సాబ్ ముద్ద ముట్టాడు, అడిగి చూడండి. పళ్లెం ఒకటైనంత మాత్రాన మనుషులు ఒకటి కారు. అది మాకూ వర్తిస్తుంది, మీకూ వర్తిస్తుంది.

చివరి రికాబీ గోబీ మంచూరియా. మన బండి మీద దొరికేదే, పట్టుబట్టలు తొడుక్కొచ్చింది. ఆ మంచూరియా చైనాలో దొరకదు. కలకత్తా చైనీస్ కుటుంబంలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో చికెన్ మంచూరియాను కనిపెట్టాడని చెప్తారు. మన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి తీసుకుని, అందులో వాళ్ల సోయాసాస్ పోశాడు. దేశమంతా లొట్టలేసింది. గోబీది శాకాహార తర్జుమా. ఇవాళ ఏ మండల కేంద్రంలోనైనా సాయంత్రమైతే ఆ వాసనే.

కానీ దానికి పదమూడేళ్ల ముందు ఏం జరిగింది? 1962 చైనా యుద్ధం వచ్చినప్పుడు ఈ దేశంలోనే పుట్టి పెరిగిన చైనీస్ కుటుంబాలను అస్సాం నుంచి, బెంగాల్ నుంచి రైళ్లలో ఎక్కించి రాజస్థాన్‌లోని దేవలీ నిర్బంధ శిబిరంలో పెట్టారు. దాదాపు మూడు వేల మంది. ముసలివాళ్లు, బాలింతలు, బడి పిల్లలు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. వాళ్లు చేసిన నేరం ముఖం, పేరు. ఎంతోమంది ఇక్కడ ఉండలేక కెనడాకో, ఇంకో దేశానికో పోయారు. మనుషుల్ని వెళ్లగొట్టిన దేశం వాళ్ల వంటను మాత్రం బండి మీద పెట్టుకుంది.

అందుకే ఆ మణిపూర్ కుర్రాడి ముఖం చూస్తూ కూర్చున్నాం. ఆ హోటల్లో వడ్డించేవాళ్లంతా ఈశాన్యపు పిల్లలే. లాంతర్లలాగా, బుద్ధుడి బొమ్మలాగా వాళ్ల ముఖాలూ ఆ తిండికి అలంకారం. అదే ముఖంతో బయట రోడ్డెక్కితే ఏమవుతుంది? 2020లో కరోనా వచ్చినప్పుడు ఢిల్లీలో, బెంగుళూరులో, ఇంకా ఎన్నో ఊళ్లలో ఈశాన్యపు పిల్లల్ని "కరోనా" అని పిలిచారు, ఉమ్మేశారు, అద్దె గదుల్లోంచి పంపేశారు. అదే ఏడాది, అవే నెలల్లో తబ్లీగీ జమాత్ పేరు చెప్పి మా కూరగాయల బండ్లను కాలనీల్లోకి రానివ్వలేదు. పేరు అడిగి, ఆధార్ కార్డు అడిగి వెనక్కి పంపారు. ఒకే రోగం, ఇద్దరు దోషులు. అతనికి ముఖం, మాకు పేరు. అతను వడ్డిస్తున్నాడు, మేం తింటున్నాం. ఇద్దరం ఒకే వరుసలో నిలబడ్డవాళ్లం.

పేరు దగ్గరే మా బతుకంతా ఉంది. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఫోన్లో తెలుగు విని "రేపు రండి" అంటారు. పేరు చెప్పగానే "ఇప్పుడే వేరేవాళ్లకిచ్చాం" అంటారు. "మీరు నాన్‌వెజ్ వండుతారు కదా, వాసన" అని సాకు చెప్తారు. పై అంతస్తులో రెడ్డిగారు ఆదివారం నాటుకోడి వండితే ఆ వాసన వేరు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో కావడి యాత్ర దారి పొడుగునా తినుబండారాల దుకాణాల ముందు యజమానుల పేర్లు రాసి పెట్టాలని ఆదేశాలొచ్చాయి. పండు కోసిచ్చే చెయ్యి ఎవరిదో తెలియాలట. జూలై 22న సుప్రీంకోర్టు ఆపింది. ఏ తిండి అమ్ముతున్నారో చెప్పమనొచ్చు, ఎవరు అమ్ముతున్నారో చెప్పి తీరాలని బలవంతం చెయ్యొద్దు అంది. కోర్టు దుకాణం ముందు బోర్డు ఆపగలదు. మనసు ముందు బోర్డు ఎవరు ఆపుతారు?

ఆ రాత్రి ఇంటికొచ్చి మా అమ్మాయికి ఇవన్నీ చెప్పాం. ఎనిమిదో తరగతి. శ్రద్ధగా విన్నది. బడిలో వచ్చే వారం పిల్లలంతా తలా ఒక వంటకం తెచ్చి పంచుకునే రోజు ఉందట. మాంసం లేకుండా చెయ్యమన్నారట. సరే, లుఖ్మీలో కైమాకు బదులు ఆలుగడ్డ పెడదామని వాళ్ల అమ్మీ అంది. లుఖ్మీ తెలుసు కదా, హైదరాబాదు పెళ్లిళ్లలో మొదట వడ్డించే చతురస్రపు సమోసా. పిల్ల కాసేపు ఆలోచించి అడిగింది.

"అబ్బా, డబ్బా మీద లుఖ్మీ అని కాకుండా డంప్లింగ్ అని రాస్తే? అప్పుడు అందరూ తింటారు కదా."

పన్నెండేళ్ల పిల్లకు ఈ లెక్క ఎవరు నేర్పారు? మేం నేర్పలేదు. మీరూ నేర్పలేదంటారు. మరి గాలిలో ఉందా? పోయిన ఏడు కొందరు పిల్లలు తన డబ్బా పక్కకు జరిపారని అప్పుడు చెప్పింది. ఇన్నాళ్లూ చెప్పలేదు. జవాబు మేం వెతుక్కుంటుండగానే మా బీబీ ఇచ్చేసింది: "పేరు మార్చకు బేటా. తినేవాళ్లు తింటారు. తిననివాళ్లది మిగిలితే తీసుకురా, మనం తిందాం."

ఆ వారం డబ్బా తీసుకుపోయింది. పైన తెలుగులో, ఉర్దూలో రాసిన చీటీ: లుఖ్మీ. ఇరవై పెట్టాం. సాయంత్రం ఆరు మిగిలాయి. పధ్నాలుగు ఎవరు తిన్నారని అడిగితే లెక్కలు చెప్పుకొచ్చింది. ఎవరో అడిగి రెండోది తీసుకున్నారట. ఎవరో వద్దన్నారట. మిగిలిన ఆరూ మేం ముగ్గురం ఒకే రికాబీలో పెట్టుకుని, చాయ్‌తో తిన్నాం. కొంచెం చల్లారాయి. ఉప్పు సరిపోయింది.